నేత్రకటకము – రంగుటద్దము

దూరదర్శినిని గూర్చి యెవరితో ప్రస్తావించినను వారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటే: "ఇది ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపును?" పిల్లలు అట్లే యడుగుదురు, చదువుకొన్న పెద్దలును అట్లే యడుగుదురు. నేను 2019వ సంవత్సరమున మైలవరములో మా బడిపిల్లల కొఱకు, నా జీతపు డబ్బుతో, ఒక చిన్న దూరదర్శినిని కొన్నప్పుడు అమ్మినవారిని ఆ ప్రశ్నయే యడిగితిని. పెట్టెమీద శనిగ్రహపు రంగుల బొమ్మయు, దానిక్రింద వేలెడేసి యక్షరములతో "525 రెట్లు" అను మాటయు ముద్రింపబడి యుండెను. ఇక వేఱొక ప్రశ్న అవసరము లేదని తోచినది. మా నూజివీటి సీమలో మామిడిపండ్లు కొనువాడు బుట్ట బరువు చూచి మాత్రమే కొనడు. రసమా, బంగినపల్లియా, చెట్టున పండినదా, మందుతో మాగవేసినదా యని విచారించి, తొడిమకడ వాసన చూచి, అప్పుడు బేరమాడును. పండుపట్ల మనకున్న ఆ వివేకము వేలరూపాయల గాజుపట్ల నాకు లేకపోయెను.

ఆ 525 ఎట్లు వచ్చినదో చెప్పెదను. దూరదర్శినికి రెండు కొనలు కలవు. ఆకాశమువైపు నుండునది వస్తుకటకము. కంటివైపు నుండునది నేత్రకటకము, వాడుకలో ఐపీసు. మొదటిదాని నాభ్యంతరమును రెండవదాని నాభ్యంతరముచే భాగింపగా వచ్చిన లబ్ధమే వృద్ధి. మా పరికరములో వస్తుకటకము వెడల్పు 60 మిల్లీమీటర్లు, నాభ్యంతరము 700. పెట్టెలో 20, 12.5, 4 మిల్లీమీటర్ల నేత్రకటకములు మూడును, వృద్ధిని మూడింతలు చేయు బార్లో కటకము ఒకటియు నుండెను. 700ను 4చే భాగించిన 175. దానిని మూడింతలు చేసిన 525. లెక్కలో తప్పు లేదు. కాని ప్రకృతి ఆ లెక్కకు ఒప్పుకొనదు. వెలుతురు తరంగరూపమున ప్రయాణించునది గనుక, ఎంత చక్కగా సానపట్టిన గాజునకైనను దాని వెడల్పునకు తగిన సూక్ష్మతయే గాని అంతకు మించి చూపు శక్తి యుండదు. వెడల్పు మిల్లీమీటరు ఒక్కంటికి రెండు రెట్ల వృద్ధి దాటిన ప్రయోజనము లేదని అనుభవజ్ఞులు చెప్పుదురు. అనగా 60 మిల్లీమీటర్ల గాజునకు 120 రెట్లు హద్దు. ఆ పైన పెంచినకొలది బొమ్మ పెద్దదగును, మసకయు దానితోపాటు పెద్దదగును, వెలుతురు మాత్రము పలుచనగును. 525 రెట్ల వద్ద నేత్రకటకమునుండి వెలువడు కిరణముల కట్ట వెడల్పు మిల్లీమీటరులో తొమ్మిదవ వంతు మాత్రమే. అంత సన్నని దారములో శనికంటె మన కంటిలోని నలుసులే స్పష్టముగా కనబడును. భూమి తిరుగుచుండుటచేత గ్రహము అర నిమిషమైనను నిలువక చూపునుండి జారిపోవును. ఆ నవంబరు సాయంకాలమున మా పిల్లలు చూచినది శని కాదు, నీటిలో కరగిన సున్నపు మరక. "ఇంతేనా, మాస్టారూ?" అని యొక బాలిక అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకే నేను పుస్తకములు తిరుగవేయ మొదలిడితిని.

బొమ్మను నిర్మించునది వస్తుకటకము. నేత్రకటకము ఆ బొమ్మను దగ్గఱనుండి చూచుటకు పనికివచ్చు భూతద్దము. అంతకు మించి యేమియు కాదు. ఐనను ఈ భూతద్దమును చక్కదిద్దుటకు ఐరోపాఖండపు గాజుపనివారికి రెండువందల యేబది సంవత్సరములు పట్టినది. 1609లో గెలీలియో తన గొట్టమునకు కంటివైపున లోగుంటగా నున్న గాజును పెట్టెను. బొమ్మ నిటారుగా కనబడెను గాని చూపుమేర మిక్కిలి యిఱుకు. ఆ పద్ధతి నేటికిని నాటకశాలలలో పెద్దమనుషులు వాడు చిన్న దుర్భిణిలో నిలిచియున్నది. నాటకములకు పేరుపడిన మైలవరములో ఒకప్పుడట్టివి కొన్నియైన ఉండియుండవలెనని నేను అనుకొందును. 1611లో కెప్లరు కంటివైపునను ఉబ్బెత్తు గాజునే పెట్టవచ్చునని గ్రంథములో నిరూపించెను. బొమ్మ తలక్రిందులగును, కాని చూపుమేర విశాలమగును. ఆకాశములో తలక్రిందులైన చంద్రునివలన ఎవరికిని నష్టము లేదు. పిమ్మట హైగెన్సు అను డచ్చి పండితుడు ఒక గాజునకు బదులు రెండు గాజులను ఎడముగా నమర్చి రంగుల అంచును చాలవరకు తగ్గించెను. 1780ల తొలి సంవత్సరములలో రామ్స్‌డెన్ మఱియొక కూర్పు చేసెను. 1849లో కెల్నరు, 1860లో వియన్నా నగరవాసియగు ప్లోస్లు, 1880లో ఆబ్బే రెండు మూడు గాజులను జిగురుతో అతికించి ఇంకను మేలైన కూర్పులు చేసిరి. నేడు అంగళ్ళలో దొరకు ఐపీసులమీద హెచ్, ఎస్.ఆర్., కె, పి.ఎల్. అని చెక్కియుండు అక్షరములు ఈ మహనీయుల పేళ్ళ గుర్తులే. ప్రక్కనున్న అంకె నాభ్యంతరము. కొనువాడు చదువవలసినది ఈ రెండు అక్షరములను, ఈ యంకెను. పెట్టెమీది బొమ్మను కాదు.

ఇదంతయు దూరదేశపు ముచ్చట యనుకొనవలదు. చెన్నపట్టణములో నుంగంబాకమున 1792లో కట్టిన వేధశాలలో పరికరమును నిలుపుటకై యెత్తిన 15 అడుగుల నల్లరాతి స్తంభముమీద తెలుగు శాసనము కూడ చెక్కబడినది. ఆ వేధశాలలో టేలరు దొరవద్ద నక్షత్రవేధ నేర్చుకొన్న మన తెలుగువాడు గొడే వెంకట జగ్గారావు. ఆయన 1840 ప్రాంతమున విశాఖపట్టణములోని తన డాబాతోటలో సొంత వేధశాలను నెలకొల్పి, 4.8 అంగుళముల వెడల్పుగల దూరదర్శినిని నిలిపెను. జమీందారీ కుటుంబములలో ధనము ఏయే మార్గముల వ్యయమగుచుండెనో యెఱిగిన వారికి ఇది యెంత వింతయో తెలియును. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను పూనుకొనెను. నరసింగరావు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడై, తన పరిశీలనములను ఆ సంఘపు పత్రికలో ప్రకటించెను. 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచిన దినమున, యార్కు నగరపు కుక్కు కార్ఖానాలో తయారైన 6 అంగుళముల దూరదర్శినితో ఆయన విశాఖలో దానిని చూచెను. ఆయన 1892లో మరణించిన వెనుక భార్యయు, జగ్గారావు కుమార్తెయు నగు అచ్చయ్యమ్మగారు ఆ వేధశాల చెడిపోకుండ పాటుపడెను. స్త్రీకి విద్యయేల యని వాదించువారు ఇంకను మిగిలిన యా దినములలో నక్షత్రశాలను ఒక తెలుగు స్త్రీ కాపాడినదను సంగతి మన పాఠ్యపుస్తకములలో నాకు కానరాలేదు.

శుక్రగమనమును చూచువారికి ఎదురగు చిక్కును ఇచ్చట కొంచెము వివరింపవలెను, ఏలనన అది మా 525 రెట్ల కథకు తమ్ముడే. శుక్రుడు సూర్యుని యంచును తాకిన క్షణమును సరిగా గుర్తింపవలెను. ఆ క్షణములనుబట్టియే భూమికి సూర్యునకు గల దూరమును గణించెడివారు. కాని ఆ నల్లనిచుక్క అంచును విడుచునప్పుడు నల్లని జిగటదారము సాగినట్లు అంటుకొని యుండి, హఠాత్తుగా తెగిపోవును. దానిని నల్లబొట్టు అందురు. ఒకేచోట నిలిచి చూచిన ఇద్దరికి వేర్వేఱు క్షణములు వచ్చుచుండెను. గాజుయొక్క సూక్ష్మత, గాలిలోని చలనము, సూర్యుని యంచు మసకగా నుండుట, ఇవన్నియు దానికి కారణములు. వృద్ధిని పెంచిన మాత్రమున ఆ జిగట తెగదు, జిగటయు పెద్దదగును. ఈ దృశ్యము మా కాలమున 2004 జూన్ 8న, 2012 జూన్ 6న కనబడినది. మరల 2117వ సంవత్సరముననే. రెండవసారి నాకు దూరదర్శిని లేదు. ఉండియున్నను దానికి తగిన రంగుటద్దమేదో నాటికి నాకు తెలియదు.

ఇక గుంటూరు కథకు వచ్చెదను. 1868వ సంవత్సరము ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటినుండి వచ్చి తెలుగుదేశమును దాటి మచిలీబందరువద్ద సముద్రమున దిగినది. దాని మార్గము వెడల్పునుబట్టి చూడగా మా మైలవరముమీదుగను ఆ చీకటి నడచియుండవలెను. ఆ దినమున మన పల్లెలలో తలుపులు మూసి, కుండలలో దర్భలు వేసి, పళ్ళెములో రోకలి నిలువబెట్టి కూర్చున్నవారు లక్షలమంది. అదే వేళకు గుంటూరులో పరాసుదేశస్థుడగు జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడును, ఇంగ్లీషు సైనికోద్యోగి టెనెంటును, బందరులో చెన్నపట్టణ వేధశాలాధికారి పాగ్సనును, వనపర్తిలో ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారియు పరికరములను సిద్ధము చేసికొని యుండిరి. ఈ రఘునాథాచారియే పంచాంగమును కంటితో చూచిన సత్యమునకు అనుగుణముగా దిద్దవలెనని దృగ్గణిత పంచాంగమును ప్రచారము చేసినవాడు. 1867లో వెలుతురు మాఱు ఒక నక్షత్రమును కనుగొన్నవాడు.

సంపూర్ణగ్రహణము గుంటూరులో అయిదు నిమిషములకు పైగా నిలిచినది. సూర్యబింబము చుట్టును ఎఱ్ఱని జ్వాలలు లేచియుండుట అంతకుముందే గ్రహణములలో కనబడినది. అవి యేమి పదార్థమో తెలియదు. జాన్సెన్ దూరదర్శినికి కంటివైపున మామూలు నేత్రకటకమునకు బదులు వర్ణపటదర్శినిని అమర్చి చూచెను. జ్వాలలకాంతి ఇంద్రధనుస్సువలె నిండుగా పఱచుకొనక, కొన్ని ప్రకాశమానమైన గీతలుగా విడిపోయినది. అనగా అవి మండుచున్న వాయువులు. ఆ గీతలు ఎంత ప్రకాశముగా నున్నవనగా, గ్రహణము లేని వేళను వీనిని చూడవచ్చునని ఆయనకు అప్పుడే తట్టినది. మఱునాడు, ఆగస్టు 19న, సూర్యుడు నిండుగా వెలుగుచుండగా ఆయన వానిని చూచెను.

దీనిలోని యుక్తి ఒక గృహిణికి కూడ సులభముగా బోధపడును. పగటి ఆకాశపు మిఱుమిట్లలో అన్ని రంగులును కలసియున్నవి. పట్టకముచేత దానిని విడదీసి పొడవుగా పఱచినచో, చారెడు పిండిని చాపంత వెడల్పున చల్లినట్లు, ప్రతిచోటను పలుచబడును. జ్వాలల కాంతి యన్ననో రెండు మూడు రంగులదే. ఎంత పఱచినను అది తన గీతలోనే గుట్టగా నిలుచును. మిఱుమిట్లు పలుచబడగా గీత బయటపడును. రంగుటద్దపు పనియు మూలమున ఇదియే: అక్కఱలేని కాంతిని పలుచన చేసి అక్కఱయైనదానిని నిలుపుట. నా దృష్టిలో తెలుగుగడ్డమీద జరిగిన రంగుటద్దపు ఎంపికలన్నిటిలో ఇది గొప్పది. వస్తుకటకము ఎంతటిదను దానినిబట్టి కాక, కంటికొనలో ఏమి పెట్టవలెనను ఆలోచననుబట్టి గెలుపు కలిగినది. జాన్సెన్ లేఖయు, అదే యుక్తిని ఇంగ్లండులో స్వతంత్రముగా సాధించిన లాకియరు లేఖయు ఒకేదినమున, 1868 అక్టోబరు 26న, పారిస్ పండితసభలో చదువబడినవి. ఇద్దరి ముఖములును ఒకే పతకముమీద ముద్రింపబడినవి.

హీలియమును గుంటూరులో కనుగొనిరని మనవారు గర్వముతో చెప్పుకొందురు. నాకు ఆ మాట అంతగా రుచింపదు. పసుపుపచ్చని గీత ఒకటి ఆ గ్రహణములో పలువురకు కనబడినది; అది ఉప్పులోని సోడియపు గీతతో సరిగా కలియుట లేదని సందేహము కలిగినవారిలో బందరులోని పాగ్సను ఒకడు. అది క్రొత్త మూలద్రవ్యమని ఊహించినది లాకియరు. భూమిమీద దానిని పట్టుకొన్నది 1895లో రామ్సే. గుంటూరునకు న్యాయముగా చెందవలసిన కీర్తి వేఱొకటి కలదు, అది తక్కువదియు కాదు: సూర్యుని జ్వాలలకొఱకు గ్రహణమునకై యెదురుచూడనక్కఱలేదని మానవుడు మొదట తెలిసికొన్నది అచ్చట. గ్రహణమునకు జడియు దేశములోనే గ్రహణముతో అవసరము తీరిన సంగతి నన్ను ఎప్పుడును నవ్వించును.

హైదరాబాదులో నవాబు జఫర్‌జంగు 1901లో నెలకొల్పి, 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించిన వేధశాల యొక్క 15 అంగుళముల గ్రబ్బు దూరదర్శినిని గూర్చి వ్రాయుటకు చాల కలదు. కాని అది చిన్న పరికరము కాదు, నా విషయమునకు దూరము. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 16న దాని వారసత్వమైన జాపాల-రంగాపురపు వేధశాలవద్ద సంపూర్ణగ్రహణమును శాస్త్రజ్ఞులు పరిశీలించుచుండగా, మా యమ్మ ఇంటిలో తలుపులు వేసికొని కూర్చుండెనట. 1868కిని 1980కిని నడుమ మన ఇండ్లలో తలుపు గడియ మాత్రము మాఱలేదు.

రంగుటద్దములలో సూర్యునిదే ప్రత్యేకాధ్యాయము. 1800వ సంవత్సరమున విలియం హెర్షెలు సూర్యుని చూచుటకు ఏ రంగు గాజు మంచిదో తేల్చుటకై అనేక వర్ణముల గాజులను మార్చి మార్చి చూచెను. కొన్నిటిలో వెలుతురు కొంచెమే యైనను కంటికి వేడి తగిలెను. కొన్నిటిలో వెలుతురు హెచ్చుగా నున్నను వేడి తోపలేదు. ఈ వింతను వెంబడించి ఆయన పట్టకపు రంగులలో ఉష్ణమాపకములను ఉంచి చూడగా, ఎఱుపునకు ఆవల, కంటికేమియు కనబడనిచోట, పాదరసము అన్నిటికంటె హెచ్చుగా పైకి లేచినది. పరారుణకిరణములను కనుగొన్నది అట్లు, ఒక రంగుటద్దపు బేరములో! నల్లగా కనబడు గాజు క్షేమమైన గాజు కాదని ఆనాడే తేలినది. వెలుతురును ఆపి వేడిని వదలు గాజు కంటికి ఉపశమనము కలిగించుచునే కన్నును కాల్చును. కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు. కాలునప్పుడు హెచ్చరిక యుండదు.

మా పెట్టెలో రూపాయి బిళ్ళకంటె చిన్నదగు నల్లగాజు ఒకటి యుండెను. దానిని నేత్రకటకపు అడుగున మరతో బిగించి సూర్యుని చూడవచ్చునని కాగితములో వ్రాసియుండెను. 2019 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సూర్యగ్రహణము. కేరళమున, తమిళదేశమున కంకణముగను, మాకు పాక్షికముగను కనబడునది. మూఢవిశ్వాసమును మాన్పుటకు ఇంతకంటె మంచి సమయము రాదని తలంచి ఇరువదిమంది పిల్లలను బడి ఆవరణములో చేర్చితిని. తల్లిదండ్రులు కొందరు వలదనిరి. నేను వారి యిండ్లకు పోయి నచ్చచెప్పితిని. పదిమంది వరుసగా చూచిరి. పదునొకండవ బాలుడు చూచి ప్రక్కకు తొలగి, తరువాతి బాలిక ముందుకు వచ్చుచుండగా, గొట్టములోనుండి సన్నని చప్పుడు వినబడినది. నల్లగాజు నిలువున రెండుగా పగిలియుండెను. పగులుగుండ వచ్చిన కాంతి నా చొక్కాచేతిమీద తెల్లని చుక్కవలె పడి చుఱ్ఱుమన్నది. ఒక్క అర నిమిషము ముందో వెనుకో ఐనచో ఆ చుక్క ఒక పిల్లకంటిలో పడియుండెడిది.

లెక్క చూడగా ఆశ్చర్యమేమియు లేదు. 60 మిల్లీమీటర్ల వస్తుకటకము తనమీద పడిన ఎండనంతయు ఆఱున్నర మిల్లీమీటర్ల వెడల్పు బింబముగా కుదించును. ఆ బింబమునకు సమీపముననే ఈ నల్లగాజును బిగింతురు. పిల్లవాడు భూతద్దముతో ఎండుటాకును కాల్చుచోట మనము కంటికి కాపలాను నిలుపుచున్నాము! ఇట్టి గాజులు పగులునని ఆకాశపరిశీలకులు చిరకాలముగా హెచ్చరించుచునే యున్నారు. నేను పెట్టెలోని కాగితమునే నమ్మితిని.

ఆ సాయంకాలము ఆ బాలిక నాయనమ్మ బడికి వచ్చినది. కోపముతో రాలేదు, అదియే నాకు ఎక్కువ కష్టముగా నుండెను. "గ్రహణం చూస్తే కళ్ళు పోతాయని మేమంటే మీరు నవ్వారు గదా, మాస్టారూ. మరి ఇదేంటి?" అని మెల్లగా అడిగినది. నేను గ్రహణమునకును గాజునకును గల భేదమును వివరింపబోయితిని. ఆమె విన్నది గాని, ఆమె చేతిలో పగిలిన గాజు ఉండెను, నా చేతిలో మాటలు మాత్రమే యుండెను. సంస్కారమును బోధించువాడు తప్పుడు పనిముట్టును పట్టుకొనినచో, మూఢవిశ్వాసమునకు అంతవరకు లేని సాక్ష్యమును తానే సమకూర్చిపెట్టును. ఆ మీదట రెండు సంవత్సరములు ఆ వాడనుండి పిల్లలు నా ఆకాశపాఠములకు రాలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ ముసలమ్మ సంప్రదాయములో వివేకపు కణము లేకపోలేదు. సూర్యుని నేరుగా చూడక పళ్ళెములోని పసుపునీళ్ళలో చూడుట మన యిండ్ల వాడుక. నేరుగా చూచుటకంటె అది మేలే. సూర్యుడు నడినెత్తిన నున్నపుడు నీరు నూటికి రెండుపాళ్ళ కాంతిని మాత్రమే త్రిప్పి పంపును. కాని సూర్యుని చూచుటకు కాంతి లక్షలో ఒక పాలు కావలెను. ఏబదవ వంతు ఎక్కడ, లక్షవ వంతు ఎక్కడ? కనుక నీళ్ళపళ్ళెమును కూడ నమ్మరాదు. సూర్యునకై తయారుచేసిన మంచి పొరను ఆకాశమువైపున, వస్తుకటకమునకు ముందు, గాలికి ఊడకుండ గట్టిగా బిగింపవలెను. అప్పుడు వేడి గొట్టములోనికే రాదు. చూచుటకు ముందు ప్రతిసారియు ఆ పొరను వెలుతురునకు ఎత్తి సూదిబెజ్జములు లేవని నిశ్చయించుకొనవలెను. ఇంతకంటె క్షేమకరము గెలీలియో శిష్యుడగు కస్టెల్లి చూపిన మార్గము: కన్ను పెట్టకయే, నేత్రకటకము వెలుపల తెల్లకాగితమును పట్టి బింబమును దానిమీద పడనిచ్చుట. ఈ పనిలో ఎవరును గొట్టమునకు కన్ను ఆనింపకుండ పెద్దవారొకరు ప్రక్కనే నిలువవలెను. పైనున్న చిన్న సూచకదర్శినికి మూత పెట్టుట మఱవరాదు.

చంద్రునకును గ్రహములకును రంగుటద్దము ప్రాణావసరము కాదు, కొంచెము విలాసము. చంద్రకాంతివలన కన్ను చెడదు; పూర్ణిమనాడు మిఱుమిట్లు గొలిపినచో బూడిదరంగు గాజు పెట్టవచ్చును, లేదా వరండాలో దీపము వెలిగించి చూడవచ్చును. చిన్న దూరదర్శినులలో ప్రకాశవంతమైన వస్తువుల చుట్టును ఊదారంగు అంచు కనబడును. రెండు గాజుల వస్తుకటకము అన్ని రంగులను ఒకేచోటికి చేర్చలేకపోవుటయే దానికి కారణము. ఎనిమిదవ సంఖ్యగల లేతపసుపు గాజు దానిని చాలవరకు అణచి, కాంతిలో నూటికి 83 పాళ్ళను నిలుపును. ఇరువదియైదవ సంఖ్యగల ముదురు ఎఱుపు గాజు 14 పాళ్ళే నిలుపును. కుజుని చూచుటకని అమ్ముదురు గాని 60 మిల్లీమీటర్ల గొట్టమునకు అది చీకటిని కొనుటయే. డజను రంగుల పెట్టె కొనువారు పదునొకటి దండుగ చేసికొందురు.

నేత్రకటకములలో నేను ఇప్పుడు ఉంచుకొన్నవి మూడే. 25 మిల్లీమీటర్ల ప్లోస్లు ఒకటి: 28 రెట్లు. చంద్రుడు పూర్తిగా ఇముడును, కృత్తికలు గుత్తిగా కనబడును. దేనినైనను మొదట వెదకుటకు ఇదియే. 10 మిల్లీమీటర్లది మఱియొకటి: 70 రెట్లు. శనివలయము విడిగా, గురుని రెండు పట్టెలు స్పష్టముగా కనబడును. ఆ పెట్టెలోని బార్లో గాజును పాఱవైచి, రెండింతలు చేయు మంచి బార్లోను కొంటిని. దానితో 10 మిల్లీమీటర్లది 140 రెట్లగును, అది హద్దునకు కొంచెము పైన. గాలి నిలకడగా నున్న రాత్రులందే దానిని తీయుదును. 4 మిల్లీమీటర్ల దానితో ఇంకొక బాధ కలదు. నాభ్యంతరము తగ్గినకొలది కన్నును గాజునకు మిక్కిలి సమీపమున ఆనింపవలెను; ఱెప్పవెండ్రుకలు గాజును తుడుచుచుండును, కండ్లజోడు పెట్టుకొన్నవారికి అసలు వీలుపడదు. నాకు ఈ మధ్యనే చత్వారము వచ్చినది. చత్వారము మాత్రమే యున్నవారు జోడు తీసివేసి చూడవచ్చును, గొట్టమును ముందువెనుకలకు జరిపినచో సరిపోవును. కొనబోవువారు గొట్టపు రంధ్రమును కూడ కొలుచుకొనవలెను: చౌకరకములలో అది ముప్పాతిక అంగుళమునకు పైగా, ఒక అంగుళమునకు లోపుగా నుండి, మంచి నేత్రకటకములు పట్టవు. అంగుళముంబావు రంధ్రము గలదానినే కొనుట మేలు.

మూడవది, చెప్పిన నవ్వుదురు, ఆ పెట్టెలోనే వచ్చిన 20 మిల్లీమీటర్ల హెచ్ గుర్తుగలది. దానిని తొలుత నేను తృణీకరించి సొరుగులో పడవేసితిని. హైగెన్సు కూర్పులో గాజులను జిగురుతో అతికింపరు. కెల్నరు, ప్లోస్లు కూర్పులలో అతికింతురు. సూర్యబింబమును కాగితముమీద పట్టునపుడు ఆ వేడికి జిగురు చెడవచ్చును గాని, మూడున్నర శతాబ్దముల నాటి ఈ సాదా కూర్పునకు చెడుటకు జిగురే లేదు. గొట్టము మాత్రము లోహపుదై యుండవలెను. మాది అదృష్టవశమున లోహపుదే.

2024 మే నెల రెండవవారమున సూర్యునిమీద మచ్చల గుంపు ఒకటి ఎంత పెద్దదిగా పెరిగినదనగా, దానినుండి వెడలిన తుపానులవలన 10, 11 తేదీల రాత్రి లడఖులోని హన్లేవద్ద కూడ ఆకాశము ఎఱ్ఱబాఱెను. మాకు బడి సెలవులు. నాకు 13వ తేదీ ఎన్నికల పని. తోటలలో రసాల కోత. 9వ తేదీ ఉదయము పదిగంటలకు ఒక మిత్రుని మామిడితోటలో, కాయలు గ్రేడింగు చేయు పాకక్రింద, నీడలో తెల్ల అట్టను నిలిపి, గొట్టమును మాత్రము ఎండలోనికి తెఱచి, ఆ పాత హెచ్ గాజుతో సూర్యుని అట్టమీదికి దించితిని. కొబ్బరిచిప్పంత బింబము, దానిలో ఒక ప్రక్క చీమలబారువంటి మచ్చలు. కోతకు వచ్చిన కూలీలు చుట్టును మూగిరి. ఆ బాలిక, ఇప్పుడు పదవతరగతి ముగించినది, పెన్సిలుతో మచ్చల చుట్టును గీతలు గీయుచుండెను. ఆమె నాయనమ్మయు కాయలు ఏఱుటకు వచ్చియుండెను. చాలసేపు దూరముననే నిలిచి, తరువాత దగ్గఱకు వచ్చి, గొట్టమువైపు చూడక అట్టవైపే చూచి, "ఇందులో కన్ను పెట్టనక్కర్లేదా?" అని యడిగినది. అక్కఱలేదంటిని. ఆమె వంగి మచ్చలను వ్రేలితో లెక్కపెట్టి, ఏడనినది. మనుమరాలు తొమ్మిదనినది. ఇద్దరును మరల మొదటినుండి లెక్కపెట్టసాగిరి. నేను జారిపోవుచున్న బింబమును వెనుకకు తెచ్చుటకై గొట్టమును కొంచెము పడమటికి జరిపితిని.